కుండలో ద్రోణుడు, గుడ్డులో గరుడుడు

పిల్లలూ, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాటగానే గోదావరి రెండుగా చీలుతుందని మీకు తెలుసు. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. ఈ వసిష్ఠలోంచి గన్నవరం దగ్గర మరో పాయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది వైనతేయ. కోనసీమ పిల్లలైతే ఈ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సరే, ఇవి ఎవరి పేర్లు?

వైనతేయుడంటే వినత కొడుకు, గరుత్మంతుడు. ఆయన గుడ్డులోంచి పుట్టాడు. వసిష్ఠుడూ అగస్త్యుడూ మిత్రావరుణుల బీజం వల్ల కుండలో పుట్టారని పురాణాలు చెబుతాయి. అగస్త్యుణ్ణి కుంభసంభవుడనేది అందుకే. ఇక గౌతమి. గౌతముడి కొడుకు శరద్వంతుడికి కృపుడు, కృపి అనే కవలలు రెల్లుపొదలో పుట్టారు. గోదావరిని ఏడు పాయలుగా పంచుకున్న ఋషుల్లో భరద్వాజుడు కూడా ఉన్నాడంటారు. ఆయన కొడుకు ద్రోణుడు పుట్టింది కూడా పాత్రలోనే. ద్రోణం అంటేనే పాత్ర.

చూశారా? మన పొలాలకు నీళ్ళిచ్చే పాయల పేర్లు విప్పి చూస్తే ఒక గుడ్డు, రెండు కుండలు, ఒక రెల్లుపొద బయటపడ్డాయి!

ఈ కథల్లో చాలా వాటికి తెలుగు రూపం వచ్చింది కూడా మన గోదావరి ఒడ్డునే. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో ఉన్న నన్నయభట్టు భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వంలో కొంత రాశాడు. గరుడుడు, ద్రోణుడు, కృపుడు, కౌరవులు, మత్స్యగంధి, అగ్నిలోంచి వచ్చిన ద్రౌపది, వీళ్ళందరి పుట్టుకలూ ఆదిపర్వంలోనివే. రెండు ముక్కలుగా పుట్టిన జరాసంధుడు సభాపర్వంలో వస్తాడు.

ఇప్పుడు ఈ సంగతులన్నీ ఎందుకు ఎత్తానో చెబుతాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "మాస్టారండీ, ఇవన్నీ మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు కదండీ? కౌరవులు టెస్ట్ ట్యూబ్ పిల్లలే కదండీ?" అన్నాడు. క్లాసంతా నా వైపు చూసింది. ఆ అబ్బాయి వేళాకోళానికి అడగలేదు. పెద్దవాళ్ళు అంటుంటే విన్నాడు. 2019 జనవరిలో జలంధర్ దగ్గర జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, మన రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరు గారే ఆ మాట అన్నారు. అంతటివారు అన్నాక పదో తరగతి పిల్లవాడు అనడంలో తప్పేముంది?

ఇంతలో గంట కొట్టారు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతున్నాను. "అవును" అనేసి ఊరుకోవడమూ, "అదంతా ఒట్టి కట్టుకథ" అని కసరడమూ రెండూ తేలికే. కథను ఒక పక్కా, ప్రయోగాన్ని ఒక పక్కా పెట్టి చూడడం కొంచెం కష్టం, కాని దానిలోనే ఉంది మజా.

వినత తొందర

ముందుగా గరుడుడి సంగతి. కశ్యపుడి భార్యలు కద్రువ, వినత. కద్రువ వెయ్యి గుడ్లు పెట్టింది, వినత రెండు. సంస్కృత భారతంలో ఈ గుడ్లను వెచ్చగా, చెమ్మగా ఉండే పాత్రల్లో పెట్టారని ఉంది. ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అనపర్తి వైపో, తణుకు వైపో కోడిపిల్లలను చేసే హేచరీకి వెళ్ళి, "గుడ్లు పొదగాలంటే ఏం కావాలండీ?" అని అడగండి. "వేడి ఉండాలి, తేమ ఉండాలి" అంటారు. వేడి సుమారు 37.5 డిగ్రీల సెంటీగ్రేడు. తేమ తగ్గితే గుడ్డు లోపలి నీరు ఆవిరైపోయి పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది. ఆ కథ చెప్పినవాళ్ళు కోడినో బాతునో పొదగేయడం దగ్గరగా చూసినవాళ్ళే, సందేహం లేదు.

అయిదువందల ఏళ్ళకు కద్రువ గుడ్లు పగిలి పాములు బయటికొచ్చాయి. వినత గుడ్లు కదలలేదు. సవతికి పిల్లలు పుట్టారు, నాకు పుట్టలేదన్న ఆత్రంతో ఆమె ఒక గుడ్డును చిదిపి చూసింది. లోపల పైసగం తయారైన బిడ్డ ఉన్నాడు. తొడలు ఇంకా ఏర్పడలేదు. అతడే అనూరుడు, సూర్యుడి రథసారథి. అనూరుడంటేనే తొడలు లేనివాడు.

కోడిగుడ్డును పొదిగించిన నాలుగోరోజున తెరిస్తే ఏం కనిపిస్తుందో తెలుసా? పెద్ద తల, నల్లటి చుక్కలాంటి పెద్ద కన్ను, టకటక కొట్టుకుంటున్న ఎర్రటి గుండె. కాళ్ళ చోట చిన్న మొగ్గలు మాత్రమే. పిండం తల వైపు ముందు ఎదుగుతుంది, కింది భాగం వెనకబడుతుంది. అనూరుడి రూపం ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో ఇక మీరే ఊహించుకోండి. నా ఊహ కూడా అదే. ఎవరో, ఏ పెరట్లోనో, పొదుగు మీదున్న గుడ్డు జారి పగిలితే వంగి చూశారు.

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసు దేశంలో అరిస్టాటిల్ కూడా గుడ్లు పగలగొట్టించాడు. ఒకేసారి పొదిగించిన గుడ్లలోంచి రోజుకొకటి చొప్పున తెరిచి, ఏ రోజున ఏం కనిపించిందో రాసి పెట్టాడు. మూడు రోజులు గడిచాక నెత్తుటి చుక్కలా గుండె కొట్టుకోవడం కనిపిస్తుందని రాశాడు. వినత ఒక గుడ్డు పగలగొట్టి బాధపడింది. అరిస్టాటిల్ వరసగా పగలగొట్టి లెక్క రాసుకున్నాడు. ఆ లెక్క తప్పో ఒప్పో మీరూ నేనూ ఈ రోజు సరిచూడవచ్చు. కథను అలా సరిచూడలేం. కథ చెప్పినవాళ్ళు దాన్ని అందుకోసం చెప్పలేదు కూడా.

బీజం, క్షేత్రం

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. గుడ్డు సరే, కుండలో మనిషి పుడతాడని ఎందుకు అనుకున్నారు? రెల్లుపొదలో ఎందుకు?

ద్రోణుడి కథ, కృపుడి కథ, మత్స్యగంధి కథ పక్కపక్కన పెట్టి చూడండి. భరద్వాజుడి బీజం పాత్రలో పడింది, ద్రోణుడు పుట్టాడు. శరద్వంతుడి బీజం రెల్లులో పడింది, కవలలు పుట్టారు. ఉపరిచర వసువు బీజాన్ని డేగ మోసుకుపోతుంటే యమునలో పడింది. ఒక చేప మింగింది. ఆ చేప కడుపులో మత్స్యగంధీ ఆమె తమ్ముడూ దొరికారు. కుమారస్వామి కూడా అంతే. ఆయన ప్రతిష్ఠించాడని స్థలపురాణం చెప్పే కుమారారామం మన సామర్లకోటలోనే ఉంది. శివుడి తేజస్సు అగ్నీ గంగా మోయలేక రెల్లుపొదలో వదిలితే అక్కడ పుట్టాడు. శరవణభవుడంటే రెల్లుతోపులో పుట్టినవాడు. అన్నిటిలోనూ తండ్రి పాలు తప్పకుండా ఉంది. తల్లి చోటు మాత్రం మారిపోతోంది. ఒకచోట కుండ, ఒకచోట గడ్డి, ఒకచోట చేప.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. తండ్రిది బీజం, తల్లి క్షేత్రం. అంటే తండ్రి విత్తనం ఇస్తాడు, తల్లి పొలం. బిడ్డ మొత్తం విత్తనంలోనే ఉంటుంది, పొలం దాన్ని పెంచుతుంది, అంతే. ఈ మాట నిజమైతే పొలానికి బదులు కుండ వాడితే మాత్రం ఏం? తగినంత వెచ్చగా, చెమ్మగా ఉంటే చాలు కదా! సిద్ధాంతం ఒప్పుకుంటే కథ చక్కగా అతుకుతుంది. రెల్లుపొదే ఎందుకంటారా? ఏరుల పక్క రెల్లు దుబ్బుల్లోకి వెళ్ళి చూడండి. పక్షి గుడ్లూ చేపపిల్లలూ కప్పలూ అన్నీ అక్కడే. ఎండాకాలమంతా బీటలు వారిన చేలోకి కాలవ నీళ్ళు వదిలిన నాలుగు రోజులకే కొరమీను, మట్టగిడస కనబడతాయి. అవి బురదలో దాక్కుని, గాలి పీల్చి బతికి ఉన్నాయని తెలియనివాళ్ళకు బురదే చేపల్ని కన్నట్టు ఉంటుంది. మన పూర్వులు ప్రాణుల్ని నాలుగు రకాలుగా విభజించారు: మావితో పుట్టే జరాయుజాలు, గుడ్డుతో పుట్టే అండజాలు, చెమటలోంచీ చెమ్మలోంచీ పుట్టే స్వేదజాలు, నేల చీల్చుకొచ్చే ఉద్భిజ్జాలు. ఈ మూడో రకం అసలు లేదని తేలడానికి చాలా కాలం పట్టింది. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసపు జాడీకి పల్చటి గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు పుట్టదని చూపించాడు. సూక్ష్మజీవుల విషయంలో 1860 ప్రాంతంలో పాశ్చర్ దాకా ఆగవలసి వచ్చింది.

బీజ క్షేత్ర సిద్ధాంతం మన ఒక్కరిదే కాదు. క్రీస్తుకు పూర్వం 458లో ఏథెన్సులో ఆడిన ఎస్కిలస్ నాటకం ఒకటుంది. అందులో తల్లిని చంపిన కొడుకు మీద విచారణ జరుగుతుంది. అతని తరఫున వాదించే దేవుడు అపోలో, తల్లి బిడ్డకు నిజమైన జన్మదాత కాదు, తండ్రి విత్తనానికి దాది మాత్రమే అని వాదిస్తాడు. సాక్ష్యం కావాలా అంటూ పక్కనే ఉన్న ఎథీనా దేవతను చూపిస్తాడు. ఆమె తండ్రి జ్యూస్ తల పగిలి, కవచంతో సహా బయటికి వచ్చింది మరి! వింత పుట్టుకను కోర్టులో సాక్ష్యంగా వాడిన కేసు నాకు తెలిసి ఇదొక్కటే.

ఈ సిద్ధాంతంలో పొరపాటు ఎక్కడుందో మన డెల్టా పిల్లలు అందరికంటే తొందరగా పట్టుకోగలరు. ఆకుమడిలో చల్లే వడ్లగింజ తండ్రి బీజమా? కాదు! గింజ అప్పటికే బిడ్డ. వరి పువ్వులో పుప్పొడి అండాన్ని చేరాక, రెండూ కలిశాకే గింజ కడుతుంది. రైతు చేతిలో ఉన్నది తల్లీ తండ్రీ ఇద్దరి పాలూ కలిసిన పసిపిల్ల. నేల దానికి నిజంగానే దాది. పాతకాలం వాళ్ళు విత్తనాన్ని తండ్రితో పోల్చి, నేలను తల్లితో పోల్చి, అసలు తల్లిని లెక్కలోంచి తీసేశారు.

పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధనా స్థానం ఉంది. 1982లో అక్కడినుంచి వచ్చిన స్వర్ణ వరి, ఎం.టి.యు. 7029, మీ తాతగారు పండించే ఉంటారు. దాని తల్లి రకం పేరేమిటో తెలుసా? వసిష్ఠ! తండ్రి మసూరి. కుండలో పుట్టిన ఋషి పేరు పెట్టుకున్న వరి ఇక్కడ తల్లయింది. ఇలాంటి సంకరం చేయడానికి ఒక పువ్వు కొస కత్తిరించి, అందులోని ఆరు కేసరాలూ తీసేసి, రెండో రకం పుప్పొడి దులుపుతారు. పుప్పొడిని కుండలో దులిపితే గింజ కట్టదు. ఆ పువ్వులో అండం ఉండాలి.

మనుషుల్లోనూ జంతువుల్లోనూ ఆ అండం కనబడడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. 1677లో లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో శుక్రకణాలను చూశాడు. వెంటనే కొందరు, అదిగో బీజం, దానిలోనే చిన్న మనిషి ముడుచుక్కూర్చున్నాడు అన్నారు. 1694లో హార్ట్‌సోకర్ అనే ఆయన ఆ బుల్లి మనిషి బొమ్మ కూడా గీశాడు. పాలిచ్చే జంతువు అండాన్ని కంటితో చూసినది ఆ తర్వాత 150 ఏళ్ళకి, 1827లో. చూసినవాడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్, చూసింది కుక్కలో. మనిషి అండం మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది, ఈ వాక్యం చివర చుక్క కంటే చిన్నది. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ముళ్ళజీవి అండంలో రెండు కేంద్రకాలు, తల్లిదీ తండ్రిదీ, ఒకటిగా కలవడం గమనించాడు. తల్లి 23 క్రోమోజోములు, తండ్రి 23 క్రోమోజోములు ఇస్తారని మీరు పాఠంలో చదువుతారు. ఆ మొదటి కణానికి కావలసిన సరంజామా అంతా దాదాపు తల్లి అండానిదే.

పాత సిద్ధాంతం పోయిందనుకోకండి. ఇప్పటికీ ఆడపిల్ల పుడితే కోడల్ని ఆడిపోసుకునే ఇళ్ళు మన వీధుల్లో ఉన్నాయి. వంశం పేరు చెప్పేటప్పుడు ఆమె ఒట్టి పొలం, నింద వేసేటప్పుడు మాత్రం మొత్తం బాధ్యత ఆమెదే! బిడ్డ ఆడో మగో నిర్ణయించే ఎక్స్, వై క్రోమోజోముల్లో ఏదో ఒకటి తండ్రి శుక్రకణంతోనే వస్తుంది. ఈ పాఠం బట్టీపట్టి మార్కులు తెచ్చుకుని, ఇంటికెళ్ళి నోరుమూసుకు కూర్చునే పిల్లలంటే నాకు కోపం.

నేతికుండల లెక్క

ఇక ఆ అబ్బాయి ప్రశ్న. గాంధారి రెండేళ్ళు గర్భం మోసింది. కుంతికి కొడుకు పుట్టాడని విని కడుపు బాదుకుంది. గట్టి మాంసపు ముద్ద బయటపడింది. వ్యాసుడు దాన్ని చన్నీళ్ళతో తడపమన్నాడు. అది నూటొక్క ముక్కలైంది. వాటిని నేతికుండల్లో పెట్టి కాపాడితే నూరుగురు కొడుకులూ దుశ్శల అనే కూతురూ పుట్టారు.

1978 జులై 25న ఇంగ్లండులో లూయిస్ బ్రౌన్ పుట్టింది. గాజుపాత్రలో మొదలైన బిడ్డల్లో మొట్టమొదటిది. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అనే ముగ్గురి కృషి అది. వాళ్ళు చేసిందేమిటి? తల్లి కడుపులోంచి పక్వమైన అండాన్ని జాగ్రత్తగా తీశారు. పళ్ళెంలో తండ్రి శుక్రకణాలతో కలిపారు. రెండు మూడు రోజుల తర్వాత, కొన్ని కణాలుగా విడిన పిండాన్ని తిరిగి తల్లి గర్భంలోనే పెట్టారు. మిగతా నెలలన్నీ తల్లే మోసింది. అంటే పళ్ళెంలో ఉన్నది రెండు మూడు రోజులు. టెస్ట్ ట్యూబ్ అనే పేరు పత్రికల వాళ్ళు పెట్టింది. కథలో వరస దీనికి పూర్తిగా తలకిందులు. గర్భంలోంచి బయటపడ్డాక కుండలోకి వెళ్ళింది.

సరే, కుండనే గర్భం అనుకుందాం. లోపలేముంది? నెయ్యి. మీ అమ్మ ఆవకాయ జాడీలో పైన నూనె తేలేలా ఎందుకు పోస్తుంది? గాలి తగలకుండా, బూజు పట్టకుండా. ప్రాణి పెరగకుండా ఉండడానికి మనం వాడే ఉపాయం అది! పెరిగే కణానికి నీళ్ళు కావాలి, ఉప్పులు, చక్కెర, ప్రాణవాయువు కావాలి, మలినాలు ఎప్పటికప్పుడు పోవాలి. 2017లో అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి శాస్త్రజ్ఞులు నెలలు నిండని గొర్రెపిల్లల్ని ద్రవం నింపిన ప్లాస్టిక్ సంచిలో నాలుగు వారాల దాకా పెంచారు. వాటి బొడ్డుతాడు గొట్టాలతో, రక్తానికి ప్రాణవాయువు అందించే యంత్రానికి కలిపారు. సంచిలో పోసింది ఉప్పులు కలిసిన నీళ్ళు. కౌరవుల కుండకు ప్రపంచంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చిన వస్తువు అదే. అదీ తల్లి కడుపులో చాలాభాగం పెరిగిన పిల్లలకే పనికొచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. ఇది మీరే క్లాసులో అడగాల్సిన ప్రశ్న. ఒక్క ముద్ద ముక్కలైతే నూటొక్కరి క్రోమోజోములూ ఒకటే కావాలి. అందరూ ఒకే అచ్చు కావాలి. తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో అనే అమెరికా జంతువుకు ప్రతి కాన్పులోనూ ఒకే అండంలోంచి నాలుగు పిల్లలు పుడతాయి. నాలుగూ మగవో, నాలుగూ ఆడవో, అంతే. మరి నూరుగురు అన్నదమ్ముల మధ్య దుశ్శల ఆడపిల్ల ఎలా అయింది? దుర్యోధనుడికీ వికర్ణుడికీ అంత తేడా ఎలా వచ్చింది? కథకు ఈ చిక్కే లేదు. గాంధారికి ఒక కూతురు కూడా ఉంటే బాగుండుననిపించింది, ఉంది. తల్లి మనసు తెలిసినవాడు చెప్పిన కథ.

జరాసంధుడిది దీనికి ఎదురు కథ. బృహద్రథుడికి ముని ఇచ్చిన ఒక్క మామిడిపండును ఇద్దరు రాణులూ చెరిసగం తిన్నారు. ఒక్కొక్కరికీ సగం బిడ్డ పుట్టాడు. పారేసిన రెండు ముక్కల్నీ జర అనే రాక్షసి కలిపితే జరాసంధుడయ్యాడు. సగం పండు, సగం బిడ్డ: లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది కదూ? 1891లో హాన్స్ డ్రీష్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కూడా ఇదే లెక్క వేసుకున్నాడు. సముద్రపు ముళ్ళజీవి అండం రెండు కణాలుగా విడిన సమయంలో గాజు గొట్టంలో పోసి గట్టిగా కుదిపాడు. కణాలు విడిపోయాయి. తెల్లారి చూస్తే సగం సగం పిల్లలుంటాయనుకున్నాడు. ఉన్నవి చిన్నవే గాని నిండు పిల్లలు! సగం పిండం సగం బిడ్డ కాదు, పూర్తి బిడ్డ అవుతుంది. ఒకే పోలికతో ఉండే కవలలు అలా పుట్టినవాళ్ళే. మీ బడిలో ఎవరైనా ఉంటే వాళ్ళను జరాసంధులని ఏడిపించకండి, వాళ్ళు అతనికి సరిగ్గా వ్యతిరేకం.

నది మీద పెట్టెలు

వింత పుట్టుకలు ఇంకా ఎన్నో దేశాల్లో ఉన్నాయి. జపాను పిల్లలకు మోమొతారో తెలుసు, ఏట్లో కొట్టుకొచ్చిన పీచ్ పండులో దొరికిన వీరుడు. కొరియాలో సిల్లా రాజ్యం మొదటి రాజు గుడ్డులోంచి వచ్చాడు. గ్రీకుల హెలెన్ కూడా అంతే. ఇరాన్ వీరుడు రుస్తుం కడుపులో మరీ పెద్దవాడైపోతే, తల్లికి మద్యం తాగించి, పక్క కోసి బిడ్డను తీసి, కుట్టి, మందాకు వేశారని షానామా చెబుతుంది. ఫిర్దౌసి దాన్ని ముగించింది 1010లో, నన్నయకు కొద్దికాలం ముందు. అన్ని కథల్లోనూ ఇదొక్కటి నాకు ఆసుపత్రి వాసన వేస్తుంది.

పుట్టాక నదిలో వదిలే కథలు మరో గుంపు. మెసొపొటేమియా రాజు సార్గన్‌ను రెల్లుబుట్టలో, మోషేను నైలు నదిలో పపైరస్ బుట్టలో, కర్ణుణ్ణి పెట్టెలో. 1909లో వియన్నాలో ఆటో రాంక్ అనే ఆయన ఇలాంటి కథలన్నీ పోగుచేసి పుస్తకం రాశాడు. మన కర్ణుడూ అందులో ఉన్నాడు. ఆయన దానికి మనస్తత్వశాస్త్రం కారణాలు చెప్పాడు. పడవలు చూసి పెరిగిన నాకు మాత్రం వేరే సంగతి కనిపించింది. సార్గన్ బుట్టకీ మోషే బుట్టకీ నీరు దూరకుండా కీలు పూశారు. కర్ణుడి పెట్టెకు మైనం పూశారు. కీలు దొరికే దేశంలో కీలు, మైనం దొరికే దేశంలో మైనం! ఇంత వింత కథలోనూ పెట్టెలోకి నీళ్ళు వస్తాయేమోనని ఎవరో ఆలోచించారు.

ఇంకొకటి గమనించండి. వీళ్ళలో ఎవరి పుట్టుకా పుట్టినరోజున రాసింది కాదు. ముందు వాళ్ళు వీరులయ్యారు, తరువాత వాళ్ళ పుట్టుక తయారైంది. కొన్నిచోట్ల పేరే కథను పుట్టించిందేమో కూడా. ద్రోణుడు, జరాసంధుడు, అనూరుడు, ఈ పేర్లు మళ్ళీ ఒకసారి చూడండి.

కలకత్తా డాక్టరు

ఆ అబ్బాయికి చెప్పవలసింది ఇంకొకటి మిగిలింది. లూయిస్ బ్రౌన్ పుట్టిన 70 రోజులకే, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో ఒక ఆడపిల్ల పుట్టింది. దుర్గ అని పిలిచారు. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ, సునీత్ ముఖర్జీ, సరోజ్ కాంతి భట్టాచార్య అనే మరి ఇద్దరితో కలిసి, తక్కువ పరికరాలతో చేసిన పని అది. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తరువాత తల్లి గర్భంలో పెట్టారు. ఆ పద్ధతి అప్పటికి ఇంగ్లండులోనూ లేదు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. జపానులో జరిగే సదస్సుకు వెళ్ళనివ్వలేదు. చివరికి సంబంధం లేని కంటి వైద్యశాఖకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986లో బొంబాయిలో డాక్టర్ ఇందిరా హిందూజాతో కలిసి హర్ష అనే బిడ్డ పుట్టుకకు కారకుడైన శాస్త్రజ్ఞుడు ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ కాగితాలు తెప్పించుకుని చదివాడు. దేశంలో మొదటివాణ్ణి నేను కాదు, ఆయనే అని 1997లో తనంతట తానే ప్రకటించాడు.

నేతికుండలను సులువుగా నమ్మిన దేశంలోనే, నిజంగా చేసినవాణ్ణి నమ్మడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు లేకపోతే ఇంకా నమ్మేవాళ్ళం కాదేమో.

చివరగా మీకో పని. ఇంట్లోనో పక్కింట్లోనో కోడిని పొదగేస్తే, ఏడోరోజు చీకటి పడ్డాక, పెద్దవాళ్ళనడిగి ఒక గుడ్డు తీసుకోండి. లావువైపు టార్చి ఆనించి చూడండి. సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో కదిలే నల్లటి చుక్క కనిపిస్తే పిల్ల ఉంది. అంతా పసుపుపచ్చగా వెలిగితే లేదు. కొట్లో కొన్న ఫారం గుడ్డుతోనూ చూడండి. దాన్ని ఎన్నాళ్ళు పొదిగించినా పిల్ల రాదు. ఎందుకో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది, ఆ ఫారంలో పుంజు ఉండదు. గుడ్డును రెండు నిమిషాల్లో మళ్ళీ కోడి కిందే పెట్టేయండి. ఆ రోజు చూసిన బొమ్మ నోటుపుస్తకంలో తేదీతో సహా గీసుకోండి. బాతుగుడ్డయితే ఇరవై ఎనిమిది రోజులు, కోడిగుడ్డయితే ఇరవై ఒకటి. మధ్యలో ఎంత ఆత్రంగా ఉన్నా పెంకు మాత్రం చిదపకండి.